బల్లిని చూపించాడు, అంతే

చిట్టితల్లికి అత్త దీవెనలు.

"బాబుకి ఏడాదీ రెండు నెలలొచ్చాయి, అమ్మ, తాత తప్ప మాట లేదు, వాడికేం కావాలో తెలియక ఇద్దరం ఏడుస్తున్నాం" అన్నావు ఫోన్లో. మొన్న మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ చూశాగా, పొద్దస్తమానం వాడు ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు.

వంటింట్లో నీ కొంగు పట్టుకు లాగి, పైకి వేలు చూపించి "ఊ... ఊ" అన్నాడు, గుర్తుందా? బిస్కెట్టిస్తే విసిరేశాడు. నీళ్ల గ్లాసు తోసేశాడు. ఇక వెనక్కి విరుచుకుని ఒకటే ఏడుపు. నేను గుమ్మంలో చిక్కుడుకాయలు తుంచుతూ వాడి కళ్లెటు పోతున్నాయో చూశాను. ట్యూబ్‌లైటు పక్కన బల్లి! దాన్ని చూడటం, నీ మొహం చూడటం, మళ్లీ దాన్ని చూడటం. "అబ్బో, బల్లే!" అన్నానో లేదో, కన్నీళ్లతోనే నవ్వేశాడు.

వేలు చూపించడంలో 'ఇవ్వు' వేరు, 'చూడు' వేరు. ఇవ్వమన్నప్పుడు చెయ్యి చాపి గుప్పిట తెరుస్తాడు, మూస్తాడు, ధ్యాసంతా వస్తువు మీదే. చూడమన్నప్పుడు మధ్యమధ్య నీ మొహంలోకి చూస్తాడు. దానికి నువ్వూ చూసి పేరు చెబితే చాలు. 27 ఏళ్లు అంగన్‌వాడీలో చేశాను, ఈ 'చూడు' మొదలైన పిల్లల తల్లులకి ధైర్యం చెప్పేదాన్ని. కాస్త ఆగు, ఏదీ వెంటనే చేతిలో పెట్టెయ్యకు. నీ కంగారే వాణ్ణి సగం ఏడిపిస్తోంది.

మిగతావి నీకే తెలుస్తాయి. కళ్లు నులిమితే నిద్ర. మూతి బిగించి తల తిప్పేశాడంటే కడుపు నిండింది, ఇంకో ముద్ద అంటూ వెంటపడకు. చెవి లాక్కోవడం నిద్రకీ చేస్తారు, కానీ జ్వరమూ రాత్రి ఏడుపూ తోడైతే డాక్టరుకి చూపించు. మీ పెద్ద బావకి చిన్నప్పుడు ఇలాగే అయితే నేను మూడు రోజులు ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీశాను. నాలుగోరోజు దిండు మీద చీము మరక కనబడింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గే.

ఏడాదిన్నరకి కూడా వేలు చూపించని పిల్లలు, పేరు పెట్టి పిలిస్తే తిరగనివాళ్లు, వచ్చిన మాట పోయినవాళ్లు ఉంటారు. అప్పుడు మాత్రం "వాళ్ల నాన్నకీ ఆలస్యమే" అన్న మాట చెవిన పెట్టకూడదు. ముందు వినికిడి పరీక్ష. జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అని ఇలాంటి పిల్లలకే పెట్టిన కేంద్రాలున్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. మనవాడికి ఆ అవసరం కనబడలేదు నాకు.

ఆ బల్లిని తోలించకు. రేపు మళ్లీ వెతుక్కుంటాడు.

మీ అత్త