ఆడిట్ లాగింగ్ ప్యాచ్ రివ్యూలో ఏం చూడాలి?

లినక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) ఫైల్ డిలీట్ అయినప్పుడు దాని పేరు కూడా ఆడిట్ రికార్డులో, అంటే సిస్టమ్‌లో ఎవరేం చేశారో రాసుకునే లాగ్‌లో, పడేలా ఒక ప్యాచ్ (కోడ్‌లో మార్పు) వచ్చింది, పట్టుమని పది లైన్లు లేవు, టెస్టులు పాసయ్యాయి, ఇంకా చూడటానికేముంది అని ఒకరు అడిగారు. చాలా ఉందండీ. విజయనగరంలో ఇంట్లో కూర్చుని నేను చేసేది ఇలాంటి పనే.

అసలు ఆ పేరు పెట్టిందెవరు? యూజర్. లినక్స్‌లో స్లాష్, నల్ (సున్నా బైటు) తప్ప ఏ బైటైనా ఫైల్ పేరులో ఉండొచ్చు, ఖాళీ అయినా, కొత్త లైనైనా. దాన్ని మామూలు %ఎస్‌తో (పేరుని ఉన్నదున్నట్టు అతికించే గుర్తు) లాగ్ రాసే ఆడిట్_లాగ్_ఫార్మాట్ ఫంక్షన్‌కి ఇచ్చేశారనుకోండి, ఎవడో ఒకడు పేరు మధ్యలో ఖాళీ వదిలి "యూఐడీ=0" (అంటే ఈ పని రూట్ యూజర్ చేశాడని) ఇరికిస్తాడు. లాగ్ చదివే టూలుకి అది కెర్నల్ రాసిందిలాగే కనబడుతుంది. దొంగ చేతికే పెన్నిచ్చి ఎఫ్ఐఆర్ రాయమన్నట్టు. అందుకే ఆడిట్_లాగ్_అన్‌ట్రస్టెడ్‌స్ట్రింగ్ అనే వేరే ఫంక్షన్ ఉంది. పేరులో ఖాళీ, డబుల్ కోట్, ఆస్కీలో (మామూలు ఇంగ్లీషు అక్షరాల సెట్‌లో) లేని బైటు, వీటిలో ఏది కనిపించినా పేరు మొత్తాన్ని హెక్స్‌లో (బైటుకి రెండు అక్షరాల చొప్పున) రాసేస్తుంది.

టెస్టులు రాసేవాళ్లు ఎప్పుడూ "టెస్ట్1" లాంటి పేర్లే పెడతారు, అవి పాసవక ఏం చేస్తాయి! నేను "సిరిమాను సెలవు" అని ఫైల్ చేసి డిలీట్ కొడతాను. ఖాళీ, తెలుగు రెండూ ఒక్క దెబ్బకి తేలిపోతాయి. ప్యాచ్ సరిగ్గా ఉంటే లాగ్‌లో ఆ పేరు ఈ0బీ0బీ8 అని మొదలవ్వాలి. తెలుగు అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో "స" అంటే ఆ మూడు బైట్లే. నేరుగా తెలుగే కనబడితే ప్యాచ్ వెనక్కి పంపేయండి.

కొత్త ఫీల్డు రికార్డు చివర ఉండాలి. మధ్యలో దూరిస్తే వరస నమ్ముకున్న పాత స్క్రిప్టులు తిరగబడతాయి. ఫీల్డుకి కొత్త పేరు కనిపెట్టినా చిక్కే, ఆడిట్ లాగ్ వెతికే ఏయూసెర్చ్ -ఐ కమాండ్ తనకి తెలిసిన పేర్లకే హెక్స్ విప్పి చూపిస్తుంది. స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపూ నిద్రపోకూడని తాళం) పట్టుకున్న చోట మెమరీ అడగడానికి జీఎఫ్‌పీ_కెర్నల్ ఫ్లాగ్ కనబడితే మిగతాది చదవక్కర్లేదు, ఆ ఫ్లాగ్‌తో మెమరీ అడిగితే కోడ్ నిద్రపోగలదు.

ఇవన్నీ ఒక ఎత్తు. సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని పని అడిగే పిలుపు) మీద ఆడిట్ రూల్ ఉంటే 1302 రకం నంబరున్న పాత్ రికార్డులో ఫైల్ పేరు, పక్కనే డిలీట్ అన్న గుర్తు ఇప్పటికే వస్తున్నాయి. ఒకే ఘటన రికార్డులన్నిటికీ ఉండే సీరియల్ నంబరుతో అది మిగతా రికార్డులకి జతపడుతుంది కూడా. మరి ఈ ప్యాచ్ ఎందుకో రాసినవాళ్లనే అడగండి. కారణం ఉంటే కమిట్ మెసేజ్‌లో (ప్యాచ్‌తో పాటు రాసే వివరణలో) పెట్టి, దాని కింద ఒక శాంపిల్ రికార్డు అతికించమనండి.