ధనుష్కోడికి నడిచి వెళ్తానంటున్న చిన్నాకి

ఒరేయ్ చిన్నా,

రామేశ్వరం నుంచి ధనుష్కోడికి పాత రైలు దారి వెంట నడుస్తావటగా, మీ అమ్మ ఫోన్‌లో ఒకటే టెన్షన్. నాకూ గుండె దడదడలాడింది, కాస్త గర్వంగానూ ఉందిలే. మనవాళ్ళంతా రామేశ్వరం గుడిలోని 22 బావుల్లో స్నానం చేసి వెనక్కి వచ్చినవాళ్ళే గానీ, అటు నడిచింది మీ పెదనాన్న, నేను తప్ప ఎవరు?

టోపీ, బూట్లు నేను చెప్పక్కర్లేదు. నీళ్ళు మాత్రం అనుకున్నదానికి రెండింతలు పెట్టుకో.

పట్టాల మీద ఆశ పెట్టుకోకు. 1914 నుంచి జనం ధనుష్కోడిలో రైలు దిగి స్టీమరెక్కి సిలోను, అదే ఇప్పటి శ్రీలంక, పోయేవాళ్ళు. 1964 డిసెంబరు 22 రాత్రి ఉప్పెన పాంబన్ ప్యాసింజరును మనుషులతో సహా లాక్కుపోయింది, లైను మళ్ళీ వేయలేదు. 2019లో కొత్త లైనుకి శంకుస్థాపన చేశారు, అదో ముచ్చట. స్టేషన్ గోడలూ చర్చీ మొండిగా నిలబడి ఉంటాయి, చూడు.

అసలు సంగతి విను. 2017లో తారురోడ్డు రాకముందు దారిలో ముకుందరాయర్ చత్రం అనే ఊరు దాటితే అంతా ఇసుకే. జీపువాడు ఎక్కువ అడిగాడని మీ పెదనాన్న నడుద్దామన్నారు. దక్షిణాన ఎగిసిపడేదాన్ని అక్కడి జాలర్లు మగ సముద్రం అంటారు, ఉత్తరాన నెమ్మదిగా ఉండేది ఆడ సముద్రం. ఈయన మగ సముద్రానికి జడిసి, ఆడ సముద్రం వైపు ఎండిన నేలలా కనిపించిన చోట అడ్డంగా పడ్డారు. పైన తెల్లటి ఉప్పు పెచ్చు, అప్పడంలా. నాలుగడుగులకే విరిగి మోకాళ్ళదాకా నల్ల బురద. ఒక కాలు లాగితే రెండోది దిగుతోంది, నేను అరుస్తుంటే ఆయనేమో "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటారు! ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. వల బాగుచేసుకుంటున్న ఒకామె పరుగెత్తుకొచ్చి, పడుకోమని సైగ చేసింది. బోర్లా పడుకుని పాక్కుంటూ వచ్చారు, చెప్పు ఒకటి అక్కడే పోయింది. ఆమె గుడిసె పక్కన ఇసుకలో తవ్విన చెలమలోంచి చెంబుడు మంచినీళ్ళు తెచ్చి కాళ్ళు కడుక్కోమంటే, తాగే నీళ్ళతోనా అని ఆయన సిగ్గుతో ముడుచుకుపోయారు. ఉంటే నీతో బయల్దేరేవారు, నేను తిట్టినా సరే.

అందుకే, తెల్లగా మెరిసే నేల జోలికి పోకు. రోడ్డెక్కి నడిస్తే నామోషీ ఏం లేదు, లేదా జాలర్ల అడుగులు ఎటుంటే అటు నడు. మగ సముద్రంలో దిగొద్దు. చెలమ నీళ్ళు అడిగి తాగు, ఫోటో కూడా అడిగే తీయి. పొద్దు వాలకముందే తిరుగుముఖం పట్టు, చీకటి పడితే పోలీసులు ఉండనివ్వరు. కోదండరాముడి గుడి దగ్గర సిగ్నల్ ఉంటే ముందు మీ అమ్మకి చెయ్యి, తర్వాత నాకు.

అన్నట్టు, బూట్లు కొత్తవా? అయితే ఈ వారమంతా వేసుకుని తిరుగు.

పెద్దమ్మ