టెక్ సందేహాలు: కంపైలర్ బీటాను ఎవరు పరీక్షించాలి?

ప్రశ్న: నిన్నటిదాకా సజావుగా బిల్డ్ అయిన, రస్ట్ భాషలో రాసిన మా ప్రాజెక్టు, కంపైలర్‌ను (కోడ్‌ను యంత్రం నడిపే ప్రోగ్రామ్‌గా మార్చే సాధనాన్ని) కొత్త వెర్షన్‌కు మార్చగానే ఆగిపోయింది. మా కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఎర్రర్ చూస్తే మేము రాయని ‘టైమ్’ అనే లైబ్రరీలో ఏదో టైపు (విలువ ఏ రకమో) తెలియడం లేదని చెబుతోంది. పాత కోడ్‌ను చెడగొట్టబోమని రస్ట్ వాళ్లు మాట ఇచ్చారు కదా, మరి ఇదెలా జరిగింది? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఊరు, ప్రాజెక్టు మారుతున్నాయి కానీ ఎర్రర్ మాత్రం అదే. ముందు మందు చెబుతాను. మీ లాక్ ఫైల్‌లో (వాడే లైబ్రరీల వెర్షన్లను బిగించి ఉంచే ఫైల్‌లో) ఉన్న టైమ్ లైబ్రరీ వెర్షన్ 0.3.35 కంటే పాతదై ఉంటుంది. రస్ట్ బిల్డ్ సాధనమైన కార్గోతో ఆ ఒక్క లైబ్రరీని మాత్రమే 0.3.35కు గానీ, ఆ తర్వాతి వెర్షన్‌కు గానీ పెంచండి. మిగతా డిపెండెన్సీల (మీ ప్రాజెక్టు వాడే ఇతర లైబ్రరీల) జోలికి వెళ్లవద్దు.

ఇక జరిగిన సంగతి. 2024 జులై 25న విడుదలైన రస్ట్ 1.80లో ప్రామాణిక లైబ్రరీకి ఒక చిన్న చేర్పు జరిగింది. విడివిడి విలువల వరుసను పోగుచేసి బాక్స్‌లో పెట్టుకునేటప్పుడు, అప్పటిదాకా ఫలితానికి ఒకే రకం టైపు సాధ్యమయ్యే చోట రెండో రకం కూడా సాధ్యమైంది. ఒకటే అవకాశం ఉన్నన్నాళ్లూ కంపైలర్ తనంతట తానే ఊహించుకుంది. రెండు అవకాశాలు కనిపించేసరికి, టైపు ఏమిటో మీరే రాయండని ఆగిపోయింది. టైమ్ పాత వెర్షన్లలో సరిగ్గా అటువంటి ఊహ మీద ఆధారపడిన కోడ్ వరుస ఒకటి ఉంది. రస్ట్ ఇచ్చిన హామీలో ఈ తరహా మార్పులకు మినహాయింపు ఉన్నదన్న విషయం చాలామందికి తమ బిల్డ్ ఆగిన రోజునే తెలిసింది.

తప్పెవరిదని అడిగితే, నా ఉద్దేశంలో ఇద్దరిదీ. ఇంత విస్తృతంగా వాడే లైబ్రరీ దెబ్బతింటుందన్న సంగతి విడుదలకు ముందే రస్ట్ బృందం దృష్టికి వచ్చింది. సరిచేసిన టైమ్ వెర్షన్ అప్పటికే అందుబాటులో ఉంది కదా అని సరిపెట్టుకోవడం నాకు నచ్చలేదు, ఎందుకంటే లాక్ ఫైళ్లు తమంతట తాము మారవు, మారకపోవడమే వాటి పని. అయితే రస్ట్ 1.80 బీటా (విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే రూపం) జూన్ 13 నుంచీ అందరికీ అందుబాటులో ఉందన్నది కూడా నిజమే. ఆరు వారాల్లో ఏదో ఒక సాయంత్రం పది నిమిషాలు కేటాయించి మీ ప్రాజెక్టును దానితో బిల్డ్ చేసి ఉంటే, ఇదే ఎర్రర్ మీకు తీరిక ఉన్న సమయంలో కనిపించేది.

“మేమెందుకు పరీక్షించాలి, వాళ్లకు పరీక్షలు లేవా?” అని తరచూ అడుగుతారు. ఉన్నాయి. రస్ట్ వారికి క్రేటర్ అనే సాధనం ఉంది. బహిరంగంగా దొరికే లైబ్రరీలను, ప్రాజెక్టులను పెద్దఎత్తున పాత కంపైలర్‌తోనూ కొత్త కంపైలర్‌తోనూ బిల్డ్ చేసి తేడాలు చూపిస్తుంది. అయితే అది చూడగలిగేది బహిరంగంగా ఉన్న కోడ్‌ను మాత్రమే. మీ సంస్థ సర్వర్‌లో తాళం వేసి ఉంచిన కోడ్‌ను అది ఎన్నడూ చూడలేదు, చూడకూడదు కూడా. అందువల్ల ఆ కోడ్ విషయంలో బీటాను పరీక్షించగలిగిన వ్యక్తి ఈ ప్రపంచంలో మీరు తప్ప మరొకరు లేరు.

పరీక్షించేటప్పుడు ఎక్కువమంది జారిపడే చోటు ఒకటుంది. కంపైలర్ వెర్షన్లను నిర్వహించే రస్టప్‌లో బీటాను డిఫాల్ట్‌గా పెట్టి, టెస్టులన్నీ పాసయ్యాయని సంతోషిస్తారు. ప్రాజెక్టు ఫోల్డర్‌లో టూల్‌చెయిన్ (కంపైలర్, దాని తోడు సాధనాల) వెర్షన్‌ను బిగించి ఉంచే ఫైల్ ఒకటి ఉంటే, ఆ డిఫాల్ట్‌ను అది పక్కకు నెట్టి పాత కంపైలర్‌నే పిలుస్తుంది. మీరు పరీక్షించింది బీటాను కాదు, పోయినేడాది కంపైలర్‌ను. నేను ఒకసారి ఇలాగే రెండు రోజులు పరీక్షించి, ఏ సమస్యా లేదని తోటివారికి ధైర్యంగా చెప్పి, విడుదల రోజున తలవంచుకున్నాను. కార్గో ఆదేశంలోనే ప్లస్ గుర్తుతో బీటా అని రాస్తే ఆ ఫైల్‌ను కూడా దాటుకొని వెళుతుంది. పని మొదలుపెట్టే ముందు కంపైలర్ వెర్షన్‌ను తెరపై ముద్రించుకొని కళ్లతో చూడండి.

ఇంకొక మాట. హెచ్చరికలన్నింటినీ ఎర్రర్లుగా మార్చే ఆదేశాన్ని సోర్స్ కోడ్‌లోనే రాసుకొని, కొత్త వెర్షన్ మా బిల్డ్‌ను చెడగొట్టిందని ఫిర్యాదు చేసేవారితో నాకు ఓపిక నశించింది. 1.80లోనే కండిషనల్ కంపైలేషన్ (షరతును బట్టి కోడ్‌లో కొంత భాగాన్నే కంపైల్ చేయడం) పేర్లను సరిచూసే కొత్త హెచ్చరిక మొదలైంది. అది హెచ్చరిక మాత్రమే. దాన్ని గోడగా మార్చుకున్నది మీరు.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కొత్త ఫీచర్లు అందరికంటే ముందు వాడాలని ఉంది. మా టెలిగ్రామ్ గ్రూపులో ఒకరు కంపైలర్ బీటాను ఎడిటర్‌తో సహా అన్నీ కలిపి ఒకే జిప్ ఫైల్‌గా పెట్టారు. అధికారిక ఇన్‌స్టాలర్ మా హాస్టల్ వైఫైలో సగంలో ఆగిపోతోంది. ఈ జిప్ వాడవచ్చా? (గుంటూరు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: వాడకూడదు. ఇప్పటికే విప్పి నడిపి ఉంటే ఆ ల్యాప్‌టాప్‌ను నమ్మదగినదిగా భావించకండి. మీ పాస్‌వర్డులను, కోడ్ భద్రపరిచే ఖాతాల కీలను మరొక యంత్రం నుంచి మార్చండి.

ఇంత కటువుగా చెప్పడానికి కారణం ఉంది. 2015లో చైనాలో సరిగ్గా మీ హాస్టల్ పరిస్థితే ఏర్పడింది. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ అధికారిక సర్వర్ నుంచి అక్కడ చాలా నెమ్మదిగా దిగేది. కొందరు ప్రోగ్రామర్లు ఫైల్ షేరింగ్ సేవల్లో దొరికిన కాపీని వాడుకున్నారు. ఆ కాపీలో ఎవరో మార్పులు చేసి పెట్టారు. దానితో బిల్డ్ చేసిన ప్రతి యాప్‌లోకీ ప్రోగ్రామర్‌కు తెలియకుండా అదనపు కోడ్ చేరిపోయింది. అలా కలుషితమైన యాప్‌లు అధికారిక యాప్ స్టోర్‌లోకి ప్రవేశించాయి, వాటిలో వియ్‌చాట్ కూడా ఉంది. ఆ ఉదంతానికి ఎక్స్‌కోడ్‌ఘోస్ట్ అని పేరు పడింది. వైరస్ సోకిన ఆట ఒక యంత్రాన్ని పాడుచేస్తుంది, కానీ కలుషితమైన కంపైలర్ మీ చేతి మీదుగా మీ వినియోగదారులందరి ఇళ్లకూ వెళుతుంది. మీ సోర్స్ కోడ్‌ను ఎంతమంది ఎన్నిసార్లు చదివినా అందులో తప్పు కనిపించదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ ఈ ప్రమాదాన్ని 1984లోనే అచ్చయిన తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో, తనను తాను కంపైల్ చేసుకొనే కంపైలర్‌ను ఉదాహరణగా చూపి వివరించాడు. నలభై ఏళ్లు దాటినా మనం ఇంకా టెలిగ్రామ్ జిప్ గురించి అడుగుతున్నాం.

జిప్‌తో పాటు చెక్‌సమ్ (ఫైల్ మారలేదని సరిచూసే సంఖ్య) కూడా ఇచ్చారని ఇంకొకరు రాశారు. ఫైల్ పెట్టినవాడే చెక్‌సమ్ కూడా పెడితే, దొంగే తాళంచెవి తెచ్చి ఇంటికి కాపలా ఉంటానన్నట్టు. చెక్‌సమ్ గానీ డిజిటల్ సంతకం గానీ కంపైలర్ తయారుచేసే ప్రాజెక్టు సొంత సైట్ నుంచే రావాలి.

అధికారిక బీటా అయినంత మాత్రాన అన్ని జాగ్రత్తలూ తీరిపోవు. “నేను ప్రోగ్రామ్‌ను నడపలేదు, కంపైల్ మాత్రమే చేశాను” అనే మాట నాకు అన్నింటికంటే భయం కలిగిస్తుంది. రస్ట్‌లో కంపైల్ చేయడమంటేనే నడపడం. మీరు తెచ్చుకున్న ప్రతి లైబ్రరీకీ బిల్డ్ స్క్రిప్టు ఉండవచ్చు, ప్రొసీజరల్ మాక్రోలు (కోడ్‌ను తయారుచేసే కోడ్) ఉండవచ్చు. అవన్నీ కంపైల్ అవుతున్న సమయంలోనే, మీ యూజర్ ఖాతాకు ఉన్న పూర్తి అధికారాలతో నడుస్తాయి. మీ హోమ్ ఫోల్డర్‌లో ఉన్న, సర్వర్లలోకి ప్రవేశించే ఎస్‌ఎస్‌హెచ్ కీలను, క్లౌడ్ ఖాతా రహస్యాలను అవి చదవగలవు. బీటా వచ్చిందన్న ఉత్సాహంలో అన్ని డిపెండెన్సీలనూ ఒకేసారి తాజా వెర్షన్లకు పెంచేవారు, తాము చదవని కొత్త కోడ్‌ను డజన్లకొద్దీ తమ గదిలోకి పిలుస్తున్నారు. పైగా ఏదైనా చెడితే అది కంపైలర్ తప్పో లైబ్రరీ తప్పో తేల్చలేరు. లాక్ ఫైల్‌ను కదిలించకుండా కంపైలర్‌ను ఒక్కదాన్నే మార్చండి. ఆ పరీక్షను కీలేవీ లేని కంటైనర్‌లోనో వర్చువల్ మెషీన్‌లోనో (ల్యాప్‌టాప్‌లోనే మిగతా వాటికి దూరంగా నడిచే వాతావరణంలో) చేయండి. రెండూ కష్టమైతే కనీసం ల్యాప్‌టాప్‌లో వేరే యూజర్ ఖాతా తెరిచి చేయండి.

కొత్త ఫీచర్ల కోరిక గురించి కూడా చెప్పాలి. ఫోన్ల పుణ్యమా అని బీటా అంటే కొత్త రంగులు, కొత్త ఐకాన్లు పక్కవాడికంటే ముందు చూసే టికెట్ అని ఒక తరం నమ్ముతోంది. తయారీదారులే ఆ మాటను ప్రచార వస్తువుగా మార్చి, సగం ఉడికిన అప్‌డేట్లను లక్షల చేతుల్లో పెట్టి, ఫిర్యాదు వస్తే “బీటా కదా” అని తప్పుకుంటున్నారు. కంపైలర్ బీటా అటువంటిది కాదు. రస్ట్ బీటాలో ప్రయోగాత్మక ఫీచర్లు పనిచేయవు. అవి రోజూ తయారయ్యే నైట్లీ కంపైలర్‌లో ఉంటాయి. బీటా అంటే మరో ఆరు వారాల్లోపు అందరికీ వెళ్లబోయే కంపైలరే. దానికి కావలసింది కొత్త ప్రోగ్రామ్ కాదు, మీ దగ్గరున్న పాత ప్రోగ్రామ్.

ప్రశ్న: మా కళాశాల సీ ల్యాబ్‌లో కంప్యూటర్లను కొత్త లినక్స్‌కు మార్చాక ల్యాబ్ మాన్యువల్‌లోని సగం ప్రోగ్రాములు కంపైల్ కావడం లేదు. సీ కంపైలర్ జీసీసీ పాడైందా? (ఒక అధ్యాపకురాలు)

జవాబు: పాడవలేదండీ, పట్టు బిగించింది. హెడర్ ఫైల్ (ఫంక్షన్ల ప్రకటనలు ఉండేది) చేర్చకుండా, తెరపై ముద్రించే ప్రింట్ఎఫ్‌ను పిలిస్తే ఇన్నేళ్లూ హెచ్చరికతో వదిలేసేది. 2024 మే నెలలో వచ్చిన జీసీసీ 14 నుంచి అది ఎర్రర్. ఆ మరుసటి సంవత్సరం వచ్చిన జీసీసీ 15 డిఫాల్ట్‌గా సీ భాష కొత్త ప్రమాణమైన సీ23ను తీసుకుంటుంది, అందులో బూల్ భాష సొంత పదమైంది కాబట్టి, ఆ పేరును సొంతంగా నిర్వచించుకున్న పాత ప్రోగ్రాములూ ఆగిపోతాయి. పాత ప్రమాణాన్ని కోరే ఆప్షన్ ఇచ్చి నెట్టుకురావచ్చు, కానీ టర్బో సీ అనే పాత కంపైలర్ కాలం నాటి మాన్యువల్‌ను ఒక వేసవి సెలవుల్లో తిరగరాయడమే మేలు. ఫెడోరా లినక్స్ వారు ఈ కంపైలర్లు విడుదల కాకముందే, జనవరిలోనే, తమ వేలాది ప్యాకేజీలన్నింటినీ వాటితో మళ్లీ బిల్డ్ చేసి చూసుకుంటారు. ల్యాబ్ మాన్యువల్‌లో ఉండేవి ముప్పై ప్రోగ్రాములు.

మీ ఉత్తరం చివర “కంపైల్ అయినవి బాగానే ఉన్నట్టే కదా” అన్నారు. అలా అనుకోకండి. 2009లో లినక్స్ కెర్నెల్ (ఆ వ్యవస్థ మూలభాగం) లోని టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఒక పాయింటర్‌ను (మెమరీ చిరునామాను) ముందు వాడేసి, తర్వాత అది శూన్యమా కాదా అని సరిచూసే కోడ్ ఉండేది. ఒకసారి వాడారు కాబట్టి శూన్యం కాదని నిశ్చయించుకొని, జీసీసీ ఆప్టిమైజర్ (కోడ్‌ను వేగంగా నడిచేలా మార్చే భాగం) ఆ సరిచూపును తీసేసింది. భాషా నియమాల ప్రకారం అది సరైనదే, భద్రత దృష్ట్యా మాత్రం తలుపు తెరిచినట్టయింది. ఎర్రర్ లేదు, బిల్డ్ ఆగలేదు. కాబట్టి కొత్త కంపైలర్‌ను పరీక్షించేటప్పుడు, విడుదల బిల్డ్‌కు ఏ ఆప్టిమైజేషన్ స్థాయి వాడతారో అదే స్థాయిలో టెస్టులను నడిపించాలి. అటు తర్వాత అనిర్వచిత ప్రవర్తనను (ఫలితం ఏమిటో భాషా నియమాలు చెప్పని కోడ్‌ను) పట్టే శానిటైజర్ అనే తనిఖీ సాధనంతో మరొకసారి నడపాలి.

ప్రశ్న: రస్ట్‌లో తెలుగులో వేరియబుల్ పేర్లు పెట్టుకోవచ్చని విని ‘ఆర్డర్‌సంఖ్య’ అని రాశాను. బీటా కంపైలర్ ఒప్పుకోలేదు. బగ్ రిపోర్టు పంపితే ఇది బగ్ కాదని మూసేశారు. తెలుగంటే చులకనా? (బెంగళూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చులకన కాదు, మీ పేరులో కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది. ‘ర్’ తర్వాత ‘స’ ఒత్తుగా మారకుండా మన కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను చొప్పిస్తాయి. 2021 జూన్‌లో వచ్చిన 1.53 నుంచి రస్ట్ తెలుగు పేర్లను అంగీకరిస్తోంది కానీ, ఈ అదృశ్య అక్షరాన్ని పేర్లలో నిషేధించింది. కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు కంపైలర్‌కు వేర్వేరుగా ఉంటే, కోడ్‌ను సమీక్షించేవారిని మోసగించడం సులువవుతుంది. అదే ఏడాది నవంబరులో, వచనం దిశను మార్చే అదృశ్య అక్షరాలతో సోర్స్ కోడ్‌ను ఒకలా చూపి మరొకలా కంపైల్ చేయించవచ్చని బయటపడి, ఆ ఒక్క కారణంగానే 1.56.1 వెర్షన్‌ను విడుదల చేయవలసి వచ్చింది. నిషేధం వల్ల మనకు కొంత నష్టమున్నా నేను వారి పక్షమే.

అయితే మీ రిపోర్టులో రెండో పేరాగా, వేరే విషయమన్నట్టు రాసింది అసలైన సమస్య. ఎర్రర్ ఉన్న చోటును చూపే గుర్తు, తెలుగు స్ట్రింగ్ (కోడ్‌లోని వచనం) ఉన్న వరుసలో రెండు మూడు అక్షరాల అవతల పడుతోందన్నారు. ఒత్తులు, గుణింతాలు కలిసిన అక్షరం టెర్మినల్‌లో (ఆదేశాలు రాసే తెరలో) ఎంత వెడల్పు తీసుకుంటుందన్న లెక్క కంపైలర్‌కు, టెర్మినల్‌కు కుదరకపోవడం దీనికి కారణం కావచ్చు. తెలుగు స్ట్రింగులతో పరీక్షించేవారు లేకపోతే ఇది ఎవరి కంటా పడదు. దాన్ని విడిగా, ఐదు వరుసలకు మించని ప్రోగ్రామ్‌తో, కంపైలర్ వెర్షన్, టెర్మినల్ పేరు, తెరపై కనిపించిన దాని చిత్రం జోడించి పంపండి. పాత వెర్షన్‌లో సరిగా ఉండి బీటాలో చెడిందో లేదో చూసి, ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి. అటువంటి వాటికే బీటాలో వెంటనే దిద్దుబాటు దొరుకుతుంది, మిగతావి తమ వంతు కోసం ఆగాలి. కార్యాలయం కోడ్‌ను మొత్తంగా జిప్ చేసి జోడించానని రాశారు. ముందు ఆ జిప్‌ను తొలగించమని వారిని కోరండి, అందులో డేటాబేస్ పాస్‌వర్డు ఉంటే ఈ రోజే మార్చండి.