సైకిల్ సందేహాలు: బ్రేక్ హోస్ పొడవైతే కోసేయొచ్చా?

ప్రశ్న: కొత్తగా మౌంటెన్ బైక్ కొన్నాను, షిమానో హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. హ్యాండిల్ ముందు హోస్‌లు, అంటే బ్రేక్ ఆయిల్ పైపులు, బాగా బయటికి వేలాడుతూ తురహళ్లి అడవిలో కొమ్మలకు తగులుకుంటున్నాయి. ఇంట్లోనే కోసుకోవచ్చా? మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కారు బ్రేక్ ఆయిల్ మిగిలింది, అదే పోసేయమంటున్నారు.
- ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు ఆ సీసా ఆయనకే తిరిగిచ్చేయండి. కార్లకి వాడేది డాట్ ఫ్లూయిడ్, షిమానోకి కావాల్సింది మినరల్ ఆయిల్. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి, ఇక లివరూ, చక్రం దగ్గర ప్యాడ్లని నొక్కే కాలిపరూ మార్చుకోవడమే. స్రామ్ అనే ఇంకో కంపెనీ బ్రేకుల్లో చాలావాటికి డాట్ ఫ్లూయిడే పోస్తారు, అందుకని స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకున్నా సీసా మీద ఏం రాసుందో చదవండి.

ఇక కోయడం. ఇంట్లో చేసుకోవచ్చు, కానీ బ్లీడింగ్ (ఆయిల్‌లో చేరిన గాలిని బయటికి తీయడం) అంటే అందరూ భయపడతారు గానీ నన్నడిగితే అసలు టెన్షన్ కోతలోనే ఉంది, ఎందుకంటే బ్లీడింగ్ కుదరకపోతే మళ్లీ చేసుకోవచ్చు, హోస్ పొట్టిదైపోతే కొత్తది కొనాలి. హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి చూసి, ఎక్కడా బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచి గుర్తు పెట్టండి. అనుమానమొస్తే తక్కువే కోయండి.

కోసేది లివర్ వైపే. చక్రం, ప్యాడ్లు తీసి దూరంగా పెట్టి కాలిపర్‌లో ప్యాడ్ల చోట బ్లీడ్ బ్లాక్ అనే ముక్క దూర్చండి. లివర్ దగ్గర రబ్బరు తొడుగు జరిపి, 8 మి.మీ. స్పానర్‌తో నట్ వదులు చేసి హోస్ లాగండి. ఇక్కణ్ణుంచి మళ్లీ బిగించేదాకా లివర్ మీద చెయ్యి వేయకండి, నొక్కారో ఆయిల్ చిమ్ముతుంది, గాలి దూరుతుంది. హోస్ కట్టర్‌తోనో కొత్త బ్లేడుతోనో అంచు వంకర రాకుండా కోయండి, కటింగ్ ప్లయర్ వద్దు, అది నలిపేస్తుంది. తర్వాత తొడుగు, నట్, ఆలివ్ అనే ఇత్తడి రింగు వరసగా ఎక్కించి, ఇన్సర్ట్ అనే సన్నటి గొట్టాన్ని హోస్‌లోకి పూర్తిగా దిగేలా కొట్టండి. ఆలివ్, ఇన్సర్ట్ రెండూ కొత్తవే వాడాలి. షిమానోలో బీహెచ్ 59, బీహెచ్ 90 అని రెండు రకాల హోస్‌లున్నాయి, వాటి ఇన్సర్ట్‌లు వేరు. హోస్ మీద అచ్చయిన పేరు చూసి కొనండి. నట్ బిగిస్తున్నంతసేపూ హోస్‌ని లోపలికి నొక్కి పట్టుకోండి.

ఆయిల్ పెద్దగా కారకపోతే కింద కాలిపర్ నుంచి సిరంజితో ఎక్కించే పూర్తి బ్లీడింగ్ చాలాసార్లు అవసరం పడదు. లివర్‌ని నేలకు సమాంతరంగా తిప్పి, పైన బ్లీడ్ స్క్రూ తీసి గరాటు బిగించి, సగం దాకా మినరల్ ఆయిల్ పోసి, లివర్ మెల్లగా నొక్కి వదులుతూ హోస్‌ని కింద నుంచి పైకి వేలితో తడుతూ ఉండండి. బుడగలు రావడం ఆగి, లివర్ గట్టిపడితే సరి. గరాటులో ఆయిల్ ఉండగానే దాని మూత పెట్టి, తీసి, స్క్రూ బిగించాలి. అప్పటికీ మెత్తగానే ఉంటే సిరంజి పని తప్పదు.

ఆయిల్ పడ్డ రోటర్‌ని, అంటే చక్రానికుండే డిస్క్‌ని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. ప్యాడ్ల మీద పడితే కాల్చడం, గరుకు కాగితంతో రుద్దడం లాంటి చిట్కాలు చెబుతారు, నేనైతే మార్చేయమంటాను. అన్నీ బిగించాక లివర్‌ని గట్టిగా నొక్కి కాసేపు పట్టుకుని నట్ దగ్గర చెమ్మ వస్తోందేమో చూడండి. నంది హిల్స్ దిగడం తర్వాత, ముందు మీ పార్కింగ్‌లో నెమ్మదిగా తొక్కి ఆపి చూసుకోండి.

ప్రశ్న: ఫ్లాట్‌లో చోటు లేక సైకిల్‌ని గోడకు నిలువుగా వేలాడదీస్తాను. పొద్దున తీస్తే లివర్ హ్యాండిల్‌కి తగిలేంత లోపలికి పోతోంది, నాలుగుసార్లు నొక్కితే మామూలవుతోంది. లీకేజీనా?
- ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: ఎక్కడా తడి లేకపోతే లీకేజీ కాదండీ, లోపల గాలి ఉంది. మామూలుగా అది లివర్ దగ్గరి చిన్న ఆయిల్ గదిలో పైన ఉండిపోతుంది. వేలాడదీసినప్పుడు అక్కణ్ణుంచి హోస్‌లోకి జారుతుంది. పైన చెప్పిన గరాటు పద్ధతిలో గాలి తీసేయించండి, తర్వాత ఎలా వేలాడదీసినా ఫరవాలేదు. అప్పటిదాకా లివర్ నొక్కి చూడకుండా గేటు దాటకండి.