ఓడ హాలు మూసేసినా పిల్లల కార్యక్రమం ఆపక్కర్లేదు

వసంతకాలం కార్యక్రమాలకి పిల్లల పేర్లు రాసుకున్నాక మీ మ్యూజియంలో ఉన్న, నీళ్లలోంచి పైకి తీసిన పాత ఓడ కొయ్యకి సంరక్షణ పని మొదలైంది, ఆ హాలు సగం మూసేశారు, ఏం చూపించాలని మీ టెన్షన్. నన్నడిగితే ఆ పనే చూపించండి. పనివాళ్లనడిగి రోజుకో అరగంట, తాడు ఇవతల నిలబెట్టి.

వందల ఏళ్లు నానిన కొయ్యని అలాగే ఆరబెడితే కణాలు ముడుచుకుపోయి చెక్క పగిలి మెలితిరుగుతుంది, అందుకే నీటి స్థానంలోకి పాలిథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటిది నెమ్మదిగా ఎక్కిస్తారు. స్వీడన్‌లో 1628లో మునిగి 1961లో పైకొచ్చిన వాసా ఓడ మీద దీన్ని 17 ఏళ్లు చల్లారు. "ఎప్పుడు తెరుస్తారండీ" అని విసుక్కునే తల్లిదండ్రులకి ఈ ఒక్క ముక్క చాలు. పిల్లలకైతే ఒక క్యారెట్ ముక్క నీళ్లలో, ఇంకోటి బల్ల మీద రెండ్రోజుల ముందే పెట్టి ఉంచండి, వడలి వంకరపోయిన ముక్కని వేళ్లతో నొక్కి చూస్తే మీరు చెప్పేదేమీ మిగలదు.

రెండోది ఆరుబయట ఆట. పాతకాలం నావికులు 47 అడుగుల 3 అంగుళాలకో ముడి వేసిన తాడుని నీళ్లలోకి వదిలి, 28 సెకన్లలో చేతిలోంచి ఎన్ని ముడులు జారాయో లెక్కపెట్టేవాళ్లు, ఓడ వేగాన్ని నాట్లలో (ఇంగ్లిష్‌లో నాట్ అంటే ముడి) చెప్పడం అక్కడినుంచే వచ్చింది. మీకు అంత జాగా ఉండదు కాబట్టి దూరం, సమయం రెండూ సగం చేయండి, అంటే 7.2 మీటర్లకో ముడి, 14 సెకన్లు. ఒకరు తాడు కొస పట్టుకుని నడుస్తారు, ఇంకొకరు ముడులు లెక్కపెడతారు. మామూలు నడకకి రెండు, రెండున్నర వస్తాయి. పరిగెత్తనివ్వకండి, అరచేతులు ఒరుసుకుపోతాయి.