స్నేహితురాలి పేరు మీద అప్పు: ముందు తీర్చాల్సింది అదే

ప్రశ్న: మేం జకార్తాలో ఉంటున్నాం. కాలేజీలో చదివే మా అమ్మాయి (19) కొరియన్ బ్యాండ్ల ఫోటోకార్డుల (గాయకుల బొమ్మలుండే చిన్న కార్డుల) కోసం స్నేహితురాలి చేత పిన్‌జోల్ (ఆన్‌లైన్ అప్పులిచ్చే) యాప్‌లో 30 లక్షల రుపియాల అప్పు చేయించింది. ఫోన్ లాక్కుని విజయవాడ పంపేద్దామనుకుంటున్నాం. ఏమంటారు?

జవాబు: అమ్మా, మీ కోపం న్యాయమైనదే. కానీ తొందరపడి ఫోన్ లాక్కుంటే ముందు ఇరుక్కునేది ఆ స్నేహితురాలు. అప్పు ఆమె కేటీపీ (ఇక్కడి గుర్తింపు) కార్డు మీద ఉంది. కట్టకపోతే మచ్చ పడేది ఆమె స్లిక్ రికార్డు (ఇక్కడి అప్పుల చరిత్ర) మీద, రేపు ఆమె లోను అడిగితే అడ్డు తగిలేదీ అదే. పరాయి పిల్లను అలా వదిలేయకండి.

ఇద్దర్నీ కూర్చోబెట్టి యాప్ తెరిపించండి. అసలు, వడ్డీ, జరిమానా, గడువు విడివిడిగా రాసుకోండి. ఆ సంస్థకు ఓజేకే (ఇక్కడి ఆర్థిక సంస్థల నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉందో లేదో దాని 157 నంబరుకు ఫోన్ చేసి అడగండి. లైసెన్సు ఉంటే 2024 నుంచి ఆరు నెలల్లోపు గడువున్న ఇలాంటి అప్పుపై వడ్డీ రోజుకు 0.3 శాతం మించకూడదు. అంటే 30 లక్షలకు రోజుకు 9,000 రుపియాలు. వడ్డీ, జరిమానా అన్నీ కలిపినా అసలును దాటకూడదు. లైసెన్సున్న యాప్ కెమెరా, మైకు, లొకేషన్ తప్ప ఇంకేదీ అడగకూడదు. ఫోన్‌లోని నంబర్లు, ఫోటోలు అడిగిందంటే అది దొంగ యాప్ అనుకోండి. వెంటనే ఓజేకేకి ఫిర్యాదు చేయండి. డబ్బు యాప్‌లో చూపించే వర్చువల్ అకౌంట్‌కే (చెల్లింపు కోసం యాప్ ఇచ్చే బ్యాంకు నంబరుకే) కట్టండి, వసూలుకు వచ్చినవాడి సొంత ఖాతాకు మాత్రం వద్దు. తీరాక 'లునాస్' (అప్పు తీరిపోయిందనే) పత్రం తీసుకుని ఆ పిల్ల చేతికివ్వండి.

మీ అమ్మాయి ఇంత అప్పులో ఎలా పడిందో కూడా చూడండి. ఫోటోకార్డులు ఎక్కువగా గ్రూప్ ఆర్డర్లలో, అంటే చాలామంది కలిసి ఒకే ఆర్డరుగా కొంటారు. మొదట డీపీ (అడ్వాన్సు) అని కొంతే కడతారు, చవగ్గా అనిపిస్తుంది. తర్వాత మిగతా ధర, సరుకు కొరియా నుంచి వచ్చాక ఈఎంఎస్ (అంతర్జాతీయ పోస్టు) ఖర్చు, పన్ను, ఆపైన ఊళ్లో కొరియర్. నాలుగైదు ఆర్డర్ల బిల్లులు ఒకే నెలలో పడితే పాకెట్ మనీ ఎక్కడ సరిపోతుంది? ఇంకా రావాల్సిన ఆర్డర్లు, కట్టాల్సిన బాకీలు అన్నీ ఆమె ఫోన్‌లోని ఆ గ్రూపుల చాట్లలోనే ఉంటాయి. ఫోన్ ఉంచమంటున్నది అందుకే.

ఇప్పుడు మీరు కట్టిన డబ్బు నెలనెలా ఆమె పాకెట్ మనీలోంచి మినహాయించుకోండి. ఉన్న కార్డుల్లో కొన్ని అమ్మమనండి, ఏవి అమ్మాలో ఎంచుకోవడం ఆమెకే వదిలేయండి. పాటలు, తోటి అభిమానుల స్నేహం జోలికి పోవద్దు. పరాయి ఊళ్లో ఆమెకు దొరికిన తోడు అది. అది కూడా తెంచేస్తే తర్వాతి అప్పు మీకు తెలియకుండా జరుగుతుంది.

విజయవాడ సంగతి ఆ 'లునాస్' పత్రం చేతికొచ్చాక, మీ అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడండి.