చీకట్లో గడియ ఎంత దూరం?

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలుగా, రెండోసారి ఆ కరెంటు పోయిన గది సీను దగ్గర ఆగి ఆగి. ఆ సీను లేకపోతే "బాగుంది, రాస్తూ ఉండు" అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకునేవాణ్ణి.

నీ నాయిక కొత్త చోట నిద్రలేస్తుంది, చిమ్మచీకటి, బయట ఎవరో తిరుగుతున్న అలికిడి, తలుపు గడియ ఎక్కడుందో తెలియదు, గోడ పట్టుకుని తడుముకుంటూ బయల్దేరుతుంది. ఇంతవరకు నాకూ గుండె కొట్టుకుంది. ఆ తర్వాత ఏం రాశావో చూడు: "గది 12 అడుగుల పొడవుంది. గోడ పక్కన 3 అడుగుల బల్ల. బల్ల దాటాక 2 అడుగుల దూరంలో తలుపు." ఎవరు కొలిచారయ్యా ఇవన్నీ? ఆమెకి తన చెయ్యే కనపడటం లేదు కదా. నువ్వు లైటు వేసుకుని చూసొచ్చి ఆమె చెవిలో చెప్పావు. తప్పేం లేదు, నేనూ మొదట్లో ఇలాగే రాశాను, అచ్చయ్యాయి కూడా, ఎవరూ తిట్టలేదు, అదే నా దురదృష్టం.

కంటికి గది ఒక్క చూపులో దొరుకుతుంది. చేతికి అలా కాదు, ముక్క తర్వాత ముక్క దొరుకుతుంది, ఆ ముక్కల్ని అతుక్కోవాల్సింది మనసే. అతికేటప్పుడు ధ్యాస దేనిమీద ఉంటే ఆ చోటు సాగుతుంది, ధ్యాస లేని చోటు కుంచించుకుపోతుంది, ఒక్కోసారి ఉన్నట్టే తెలియదు. చాలా ఏళ్ళ క్రితం నాకు కంటి ఆపరేషన్ అయి, ఒక రాత్రంతా రెండు కళ్ళకీ కట్టు ఉంది. మంచం నుంచి బాత్రూం దాకా గోడ పట్టుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. పెచ్చు లేచిన సున్నం, తర్వాత నున్నటి జాగా, తర్వాత స్విచ్ బోర్డు, మళ్ళీ నున్నటి జాగా, ఇంకా తలుపు రాదేంటి, దారి తప్పానా అని టెన్షన్. ఎంత నడిచినా తరగలేదు ఆ గోడ. పొద్దున్నే కట్టు ఇంకా విప్పకముందే మళ్ళీ అదే దారిలో వెళ్తూ, పక్కగదిలో వాళ్ళు నా గురించే ఏదో అంటుంటే వింటూ నడిచాను. తలుపే ఎదురొచ్చి నా నుదుటికి కొట్టుకుంది. అదే గోడ, అవే అడుగులు. ఇప్పుడు చెప్పు, ఆ దారి పొడవెంత అని రాయాలి?

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ మాట పట్టుకుని స్పర్శలో వచ్చే ప్రతి తేడానీ ధ్యాస ఖాతాలో రాసేయకు. పన్ను కొంచెం విరిగితే నాలుకకి అక్కడ పెద్ద గొయ్యి ఉన్నట్టుంటుంది, అద్దంలో చూస్తే ఆవగింజంత. అందులో ధ్యాస పాత్ర కొంత ఉండొచ్చు గానీ ఒళ్ళంతా ఒకే రకంగా తయారైంది కాదన్నది అసలు సంగతి. ఎర్నెస్ట్ వేబర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1834లోనే స్పర్శ మీద పుస్తకం వేశాడు. ఆయన పరికరం మన జామెట్రీ బాక్సులో ఉండేలాంటి కంపాసే. రెండు మొనలూ చర్మానికి ఆనిస్తే వేలికొస మీద 2 మిల్లీమీటర్ల ఎడం ఉన్నా రెండని తెలుస్తుంది, వీపు మీద 4 సెంటీమీటర్ల ఎడం ఉన్నా ఒక్కటే గుచ్చుకున్నట్టుంటుంది. కంపాసు ఎడం మార్చకుండా చెవి దగ్గర నుంచి పెదవుల వైపు జరుపుతూ పోతే మొనలు రెండూ దూరం జరుగుతున్నట్టు అనిపిస్తుంది. వేలికొసకీ, పెదవికీ, నాలుకకీ మెదడులో దక్కిన జాగా వీపుకి దక్కలేదు మరి. కాబట్టి నీ నాయిక వీపు గోడకి ఆనించి జరిగితే ఒక గది, వేళ్ళతో తడిమితే వేరే గది. ఏది కావాలో ముందే తేల్చుకో.

ఈ తేడాల మీద ధ్యాస తన పని తాను చేస్తుంది. నీ ఎడమ మడమ ఇప్పుడు దేనికి ఆనుకుని ఉంది? ఇప్పుడే తెలిసింది కదూ, అడిగాక. రెండు ఒకేసారి జరిగినా, మనసు పెట్టినదే ముందు తెలుస్తుందని టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1908లోనే రాశాడు. ఇంకా విచిత్రమైనది చేతులు అడ్డంగా వేసుకున్నప్పటి సంగతి. కుడి చెయ్యి ఎడమ వైపుకి, ఎడమ చెయ్యి కుడి వైపుకి పెట్టుకుని కళ్ళు మూసుకున్నవాళ్ళని ఒక చేతి మీదా వెంటనే రెండో చేతి మీదా తట్టి ఏది ముందని అడిగితే, మధ్య వ్యవధి సెకనులో మూడో వంతు కంటే తక్కువైతే చాలామంది తారుమారుగా చెప్పారు. 2001లో ఇది జపాన్ పరిశోధకులు చూపించారు. చర్మం సరిగ్గానే చెప్పింది, ఆ చెయ్యి ఇప్పుడు గదిలో ఏ వైపుందో లెక్క తేలేలోపు జవాబు వచ్చేసింది. భయపడి మేల్కొన్న మనిషి చేతులు ఎలా ముడుచుకుని ఉన్నాయో ఒక్క ముక్క రాస్తే ఆమె తికమకకి కారణం దొరికేది నీకు.

మణికట్టు మీద చకచకా కొన్నిసార్లు, వెంటనే మోచేతి దగ్గర కొన్నిసార్లు తడితే, మధ్యలో ఎవరూ ముట్టుకోని చోట కూడా గెంతుకుంటూ వెళ్ళినట్టు ఉంటుంది. 1972లో దీనికి కుందేలు అని పేరు పెట్టారు, పేరు నాకు తెగ నచ్చింది. ధ్యాసని ఒకవైపు నిలిపితే ఆ గెంతులు కూడా అటే జరుగుతాయని తర్వాత చూశారు. ఇది నీ కథకి పనికిరాదు, ఊరికే చెప్పాను.

పనికొచ్చేది వేరే ఉంది, అది మన భాషలోనే ఉంది. నీ రెండు పేజీల్లో "తగిలింది" అన్న మాట 9 సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. గోడ తగిలింది, బల్ల తగిలింది, గడియ తగిలింది. తగలడం అంటే మనం అనుకోకుండా జరిగేది, అందులో మనసు లేదు. తాకడంలో కొంచెం ఉంది. తడమడంలో వెతుకులాట ఉంది, నిమరడంలో తొందర లేదు. అచ్చం ఇదే సంగతి గిబ్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1962లో తేల్చాడు: ఒక ఆకారాన్ని కదలని అరచేతిలో ఎవరో తెచ్చి నొక్కితే అదేమిటో పోల్చుకోవడం కష్టం, అదే ఆకారాన్ని మన వేళ్ళతో మనమే తిప్పి తిప్పి చూస్తే చాలా సులువు. 1987లో లీడర్‌మన్, క్లాట్‌స్కీ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో అడుగు ముందుకెళ్ళి, మనిషి ఏం తెలుసుకోవాలనుకుంటే చెయ్యి ఆ రకంగా కదులుతుందని చూపించారు. గరుకా నునుపా తెలియాలంటే అడ్డంగా రాస్తాం, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అంటే నొక్కుతాం, వేడో చలో తెలియాలంటే కదపకుండా ఆనిస్తాం, బరువంటే ఎత్తి చూస్తాం, ఆకారం కచ్చితంగా కావాలంటే అంచు వెంట వేలు పోనిస్తాం. అంటే ఆమె చెయ్యి ఎలా కదిలిందో రాస్తే చాలు, ఆమె దేనికోసం వెతుకుతోందో పాఠకుడికి చెప్పనక్కర్లేదు. "ఆమె గడియ కోసం ఆత్రంగా వెతికింది" అన్న వాక్యం కొట్టేయొచ్చు. నువ్వు ఏడుస్తావేమో గానీ ఆ "ఆత్రంగా" కూడా పోతుంది.

నేనైతే ఆ చోట ఇలా మొదలుపెడతాను, ఇదే పెట్టమని కాదు:

"గోడ చల్లగా ఉంది. ఇంకా గోడే. ఇంకా గోడే. వేలి కింద ఒక గాటు. ఆగింది. గాటు కాదు, సందు. సందు వెంట గోరు కిందికి పోనిచ్చింది. ఒక పక్క సున్నం, ఒక పక్క చెక్క."

అడుగులు లేవు, అంగుళాలు లేవు. "ఇంకా గోడే" అని రెండుసార్లు అన్నానే, దూరం అంటే అదే ఆమెకి. గాటు దగ్గర ధ్యాస ఆగింది గనక ఆ కాస్త సందుకి ఐదు వాక్యాలు పట్టాయి, మొత్తం గోడకి మూడే. నీ వాక్యాల పొడవే నీ టేపు.

ఇక అసలు మాటకి వస్తాను. మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరిలో డాక్టర్లు ఒక పరీక్ష చేస్తారు. కళ్ళు మూసుకోమని ఎడమ చేతిని ఒక్కదాన్నే ముట్టుకుంటే "ఎడమ" అని సరిగ్గా చెబుతారు. రెండు చేతులూ ఒకేసారి ముట్టుకుంటే "కుడి" అనే అంటారు, ఎడమ చేతిని అసలు తాకనట్టే. తాకింది నిజమే, చెయ్యి మొద్దుబారిందీ లేదు, కానీ కుడివైపు పోటీ ఉన్నప్పుడు ఎడమ వైపుకి ధ్యాస మిగల్లేదు. అది జబ్బు. కానీ అంత కాకపోయినా, మనసు పూర్తిగా వేరే పనిలో మునిగిపోయినప్పుడు మామూలు మనిషికి కూడా ఒంటి మీద చిన్న స్పర్శ తెలియకుండా పోతుంది, ఇది కూడా పరీక్షించి చూసిన సంగతే. జేబులో ఫోను వైబ్రేట్ అవుతుంటే తెలియని రోజులు నీకూ ఉండే ఉంటాయి.

నీ సీన్లో అలికిడి కుడివైపు నుంచి వస్తోంది. నువ్వే రాశావు, కానీ రాసి వదిలేశావు. ఆమె చెవులూ, ఒళ్ళూ, భయమూ అన్నీ కుడివైపుకి లాగబడి ఉన్నప్పుడు ఎడమ చెయ్యి ఏం చేస్తోంది? ఒకవేళ ఆ చెయ్యి గడియ మీదే ఉంటే? ఒక పేజీ నుంచీ దానిమీదే ఉండి, వేళ్ళ కింద ఇనుము వెచ్చబడుతూ ఉంటే, ఆమెకి మాత్రం తెలియకపోతే? నువ్వు చివర్లో "అదృష్టవశాత్తూ గడియ తగిలింది" అని రాశావు చూడు, ఆ అదృష్టం అవసరమే లేదు. అలికిడి ఆగాలి. ఆగిన ఆ క్షణంలో చెయ్యి ఆమెకి తిరిగి రావాలి.

ఒక్కటే ఇబ్బంది, గడియ అక్కడుందని పాఠకుడికి ముందే అందీ అందనట్టు తెలియాలి, ఆమెకి తెలియకూడదు. అది ఎలా రాయాలో నేను చెప్పను, నాకూ రెండు మూడు సార్లు చెడగొట్టుకుంటే గానీ రాదు.

రెండో పేజీ నుంచి తిరగరాసి పంపు. ఉత్తరంలో మాత్రం గడియ ఎక్కడ పెట్టావో రాయకు, దాన్ని వెతుక్కునే పని నాకు వదిలెయ్.

మీ అన్న